కుక్కల్లో అధివృక్క గ్రంథి కణితులు

కుక్క కడుపులో మూత్రపిండాల ముందు కొసకు, లోపలి వైపుగా, రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిలో కణాలు అదుపు తప్పి పెరిగి గడ్డ కడితే దాన్ని అధివృక్క గ్రంథి కణితి అంటారు. కణితి గ్రంథి పైభాగమైన వల్కలంలో పుట్టవచ్చు, లోపలి దవ్వలో పుట్టవచ్చు, మరో అవయవంలోని క్యాన్సర్ అక్కడికి పాకి రావచ్చు కూడా. కొన్ని కణితులు హార్మోన్లను అవసరానికి మించి స్రవిస్తాయి. కొన్ని ఏమీ స్రవించకుండా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. పైకి కనబడే లక్షణాలు, చేయవలసిన పరీక్షలు, ఇవ్వవలసిన మందులు, శస్త్రచికిత్సకు ముందు చేసుకోవలసిన సన్నాహం అన్నీ కణితి ఏం స్రవిస్తోందన్న దాన్నిబట్టి మారతాయి. అందుకే గడ్డ ఎంత ఉందన్న ప్రశ్నతో పాటు అది ఏం చేస్తోందన్న ప్రశ్నకూ మొదటే జవాబు వెతకాలి.

గ్రంథి నిర్మాణం, పని

కుక్కలో ఎడమ అధివృక్క గ్రంథి వేరుశనగ కాయలా నడుము సన్నగా ఉంటుంది. కుడి గ్రంథి కామా గుర్తులా వంపు తిరిగి ఉంటుంది. ఎడమ గ్రంథి బృహద్ధమనికి, ఎడమ వృక్కసిరకు దగ్గరగా ఉంటే, కుడి గ్రంథి శరీరం వెనుక భాగం నుంచి గుండెకు రక్తం తీసుకుపోయే పర మహాసిర గోడను దాదాపు ఆనుకునే ఉంటుంది. కుడి వైపు కణితిని తీయడం ఎక్కువ కష్టం కావడానికి ఈ పొరుగే కారణం. ప్రతి గ్రంథి మీదుగా ఒక చిన్న సిర సాగి మహాసిరలో కలుస్తుంది. క్యాన్సర్ కణితులు ఆ సిరలోకి చొరబడి, దాని వెంట మహాసిర దాకా పాకుతాయి.

వల్కలంలో మూడు పొరలు. వెలుపలి పొర ఆల్డోస్టిరోన్‌ను తయారు చేసి ఒంట్లో సోడియం, పొటాషియం నిల్వలను సరిచూస్తుంది. నడిమి పొర కార్టిసాల్‌ను, లోపలి పొర కొద్ది మొత్తంలో లైంగిక హార్మోన్లను ఇస్తాయి. దవ్వలోని క్రోమాఫిన్ కణాల నుంచి ఎడ్రినలిన్, నార్‌ఎడ్రినలిన్ వస్తాయి.

కార్టిసాల్ ఉత్పత్తికి పగ్గాలు మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి చేతిలో ఉంటాయి. అది విడుదల చేసే ఏసీటీహెచ్ అనే హార్మోన్ అందితే వల్కలం కార్టిసాల్‌ను తయారు చేస్తుంది. రక్తంలో కార్టిసాల్ పెరిగితే పీయూష గ్రంథి ఏసీటీహెచ్‌ను తగ్గిస్తుంది. వల్కలంలో పుట్టిన కణితి మాత్రం ఈ ఆజ్ఞ కోసం ఆగదు, సొంతంగానే కార్టిసాల్‌ను పోస్తూ పోతుంది. పీయూష గ్రంథి ఏసీటీహెచ్‌ను ఆపేస్తుంది. పని లేక రెండో వైపు ఆరోగ్యంగా ఉన్న గ్రంథి కృశించిపోతుంది. రక్తపరీక్షలో ఏసీటీహెచ్ ఎందుకు తక్కువ వస్తుందో, స్కానింగ్‌లో ఒక గ్రంథి పెద్దదిగా, మరొకటి సన్నగా ఎందుకు కనిపిస్తుందో, కణితి తీసిన మరుక్షణం కుక్క ప్రాణం ఎందుకు ప్రమాదంలో పడుతుందో, అన్నిటికీ మూలం ఈ వలయమే.

చరిత్ర

అధివృక్క గ్రంథులను 16వ శతాబ్దంలో ఇటలీ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు బర్తలోమియో యూస్టాకి వర్ణించాడు. అవి ఎందుకున్నాయో తెలియడానికి మరో మూడు వందల ఏళ్లు పట్టింది. 1855లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్ ఈ గ్రంథులు పాడైన మనుషుల్లో కనిపించే జబ్బును వివరించాడు. మరుసటి ఏడాది బ్రౌన్ సెకార్ గ్రంథులను తీసేసిన జంతువులు బతకవని ప్రయోగాలతో చూపాడు. 1895లో ఆలివర్, షేఫర్ గ్రంథి సారం రక్తపోటును ఒక్కసారిగా పెంచుతుందని ప్రకటించారు. 1901లో జోకిచి టకమీనె ఎడ్రినలిన్‌ను స్ఫటిక రూపంలో వేరు చేశాడు. దవ్వ కణితికి ఫియోక్రోమోసైటోమా అన్న పేరు 1912లో జర్మన్ రోగనిర్ధారకుడు లుడ్విగ్ పిక్ పెట్టాడు. క్రోమియం లవణాలు తగిలితే ఆ కణాలు ముదురు రంగుకు తిరగడమే ఆ పేరుకు ఆధారం. అదే ఏడాది అమెరికా నాడీ శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ తన పేరుతో స్థిరపడిన వ్యాధి ఉన్న రోగిని వర్ణించాడు. దాని మూలం పీయూష గ్రంథిలో ఉండవచ్చని 1932లో వాదించాడు. వల్కల హార్మోన్లపై పరిశోధనకు కెండల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆల్డోస్టిరోన్ కణితి వల్ల వచ్చే వ్యాధిని 1955లో జెరోమ్ కాన్ ప్రచురించాడు.

ఈ చరిత్రలో కుక్కకు ప్రత్యేక స్థానం ఉంది. మలేరియా నివారణకు మన ఊళ్లలో గోడల మీద చల్లిన డీడీటీకి దగ్గరి రసాయనం డీడీడీ. దాన్ని తిన్న కుక్కల్లో అధివృక్క వల్కలం కృశించిపోతోందని 1949లో నెల్సన్, వుడర్డ్ గమనించారు. ఆ పరిశీలన నుంచే మైటోటేన్ అనే మందు పుట్టింది. మనుషుల్లో వల్కల క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడుతున్న మందు అది. కార్టిసాల్ తయారీని అడ్డుకునే ట్రైలోస్టేన్‌ను కుక్కల్లో వాడేందుకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2008లో అనుమతించింది.

కణితుల రకాలు

వల్కల కణితులు. కుక్కల్లో సహజంగా వచ్చే కుషింగ్ వ్యాధిలో, అంటే ఒంట్లో కార్టిసాల్ ఎక్కువయ్యే జబ్బులో, 80 నుంచి 85 శాతం కేసులకు పీయూష గ్రంథిలోని కణితి కారణం. మిగిలిన 15 నుంచి 20 శాతం కేసులు అధివృక్క వల్కల కణితుల వల్ల వస్తాయి. వల్కల కణితుల్లో నిరపాయకరమైన ఎడినోమాలు, క్యాన్సర్ కార్సినోమాలు దాదాపు సమానంగా కనబడతాయి. ఎడినోమా సాధారణంగా చిన్నదిగా, చుట్టూ పొరతో ఉంటుంది. కార్సినోమా 2 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, సిరల్లోకి చొరబడుతుంది, కాలేయానికి, ఊపిరితిత్తులకు పాకుతుంది. చాలావరకు కణితి ఒక వైపే వస్తుంది. రెండు గ్రంథుల్లోనూ రావడం, పీయూష కణితి, అధివృక్క కణితి ఒకే కుక్కలో కలిసి ఉండడం అరుదే కానీ అసాధ్యం కాదు.

ఆల్డోస్టిరోన్‌ను స్రవించే కణితి పిల్లుల్లో కనిపించినంతగా కుక్కల్లో కనిపించదు. అది ఉన్న కుక్కలో రక్తపు పొటాషియం పడిపోయి కండరాలు నీరసించిపోతాయి, రక్తపోటు పెరుగుతుంది. లైంగిక హార్మోన్లను స్రవించేవి ఇంకా అరుదు.

దవ్వ కణితులు. ఫియోక్రోమోసైటోమా ఎడ్రినలిన్, నార్‌ఎడ్రినలిన్‌లను ఉండుండి రక్తంలోకి వదులుతుంది. కుక్కల్లో దీన్ని క్యాన్సర్‌గానే భావించి వైద్యం చేయాలి. పక్కనున్న సిరల్లోకి చొచ్చుకుపోయే గుణం వల్కల కణితుల కన్నా దీనికి ఎక్కువ. కడుపులో హఠాత్తుగా చిట్లి రక్తస్రావం తెప్పించగలదు కూడా.

ఇతరాలు. ఊపిరితిత్తి, స్తన గ్రంథి క్యాన్సర్లు, లింఫోమా వంటివి అధివృక్క గ్రంథికి పాకగలవు. కొవ్వు, మజ్జ కణాలతో ఏర్పడే మైలోలిపోమా హాని చేయని అరుదైన గడ్డ. వేరే జబ్బు కోసం కడుపు స్కానింగ్ తీస్తే అనుకోకుండా బయటపడే గడ్డలు వేరొక తరగతి. స్కానింగ్ చేసిన కుక్కల్లో సుమారు 4 శాతంలో ఇవి కనబడతాయి. ఇలాంటి ప్రతి గడ్డా కణితి కాదు, ప్రతి కణితీ క్యాన్సర్ కాదు.

ఏ కుక్కలకు వస్తుంది

ఇది నడివయసు దాటిన కుక్కల జబ్బు. ఎక్కువ కేసులు పదేళ్ల చుట్టుపక్కల వయసులో బయటపడతాయి. పీయూష గ్రంథి వల్ల వచ్చే కుషింగ్ వ్యాధి చిన్న జాతుల్లో ఎక్కువ. వల్కల కణితి వచ్చిన కుక్కల్లో మాత్రం దాదాపు సగం 20 కిలోల బరువు దాటినవే. జర్మన్ షెపర్డ్, ల్యాబ్రడార్, పూడిల్, డాష్‌హండ్, టెర్రియర్ జాతుల పేర్లు వైద్య గ్రంథాల్లో తరచు వస్తాయి. వీటిలో మొదటి రెండూ విజయవాడ, గుంటూరు, మచిలీపట్నం ఇళ్లలో విరివిగా పెరుగుతున్న జాతులు.

కొల్లేరు పరిసరాల్లో బాతుల మందలను కాయడానికి వాడిన జోనంగి ఈ ప్రాంతపు సొంత జాతి. దాని వెంట్రుకలు చాలా పొట్టిగా, ఒంటికి అంటుకుని ఉంటాయి. ఇలాంటి కుక్కల్లో వెంట్రుకలు పలచబడడం బొచ్చు కుక్కల్లో కనిపించినంత తొందరగా కంటబడదు. కాబట్టి చర్మం కన్నా దాహాన్ని, కడుపు ఆకారాన్ని గమనించడం మేలు.

లక్షణాలు

కార్టిసాల్ ఎక్కువైన కుక్క విపరీతంగా నీళ్లు తాగుతుంది, ఎక్కువగా మూత్రం పోస్తుంది. మూత్రాన్ని చిక్కబరిచే హార్మోన్ పనిని కార్టిసాల్ అడ్డుకోవడం దీనికి ముఖ్య కారణం. రాత్రిపూట ఇంట్లో మూత్రం పోయని అలవాటున్న కుక్క హఠాత్తుగా హాల్లో పోయడం మొదలుపెట్టిందని యజమానులు చెబుతారు. ఆకలి పెరుగుతుంది, గిన్నె నాకేసి మళ్లీ అడుగుతుంది. చాలామంది దీన్ని ఆరోగ్యానికి గుర్తుగా తీసుకుంటారు. నీరసించిన పొట్ట కండరాలు, పెరిగిన కాలేయం, లోపల చేరిన కొవ్వు కలిసి కడుపును కుండలా వేలాడేలా చేస్తాయి. తుంటి కండరాలు కరిగి, మెట్లెక్కడం, మంచం మీదికి గెంతడం మానేస్తుంది. తల, కాళ్లు వదిలేసి ఒంటికి రెండు వైపులా సమానంగా వెంట్రుకలు రాలతాయి. చర్మం కాగితంలా పలచబడి కింద రక్తనాళాలు కనిపిస్తాయి. కొన్ని కుక్కల్లో చర్మంలో కాల్షియం పేరుకుని గట్టి పొలుసులు కడుతుంది. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయి. రక్తపోటు పెరగడం, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టడం దీని తీవ్ర పరిణామాలు.

ఫియోక్రోమోసైటోమా తీరు వేరు. దాని లక్షణాలు వచ్చిపోతుంటాయి. ఉన్నట్టుండి రొప్పడం, గుండె వేగంగా కొట్టుకోవడం, కుదురు లేకుండా అటూ ఇటూ తిరగడం, వణకడం, కూలబడిపోవడం జరిగి, గంటలోనో రెండు గంటల్లోనో సర్దుకుంటాయి. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి కుక్క మామూలుగా ఉంటుంది, రక్తపోటు కూడా మామూలుగానే రావచ్చు. ఒక్కసారి రక్తపోటు సరిగ్గా ఉన్నంత మాత్రాన ఈ కణితి లేదని తేల్చకూడదు. ఎపిసోడ్ జరుగుతుండగా ఫోన్‌తో తీసిన వీడియో వైద్యుడికి ఎంతో ఉపయోగపడుతుంది. అధిక రక్తపోటు వల్ల కంటి లోపల రక్తం చేరి హఠాత్తుగా చూపు పోవడం మరో రూపం.

ఏమీ స్రవించని కణితికి ఎలాంటి గుర్తులూ ఉండకపోవచ్చు.

కృష్ణా డెల్టాలో గుర్తించడం

కుషింగ్ వ్యాధి ముఖ్య లక్షణాల్లో మూడు (దాహం, రొప్పడం, చర్మం పాడవడం) డెల్టా వాతావరణంలో ఆ జబ్బు లేని కుక్కల్లోనూ కనబడతాయి. ఇక్కడ వ్యాధి ఆలస్యంగా బయటపడడానికి ఇదొక పెద్ద కారణం.

మే నెలలో విజయవాడలో 40 డిగ్రీలు దాటిన ఎండ, సముద్రం వైపు నుంచి వచ్చే తేమతో ఉక్కపోత ఉంటాయి. కుక్క ఒంటిని చల్లబరుచుకునేది ప్రధానంగా రొప్పడం ద్వారానే. కాబట్టి రోహిణి కార్తెలో కుక్క నాలుక వేలాడేసి రొప్పుతుంటే, నీళ్ల గిన్నె ఖాళీ చేస్తుంటే ఎవరూ జబ్బనుకోరు. ఎండ ప్రభావాన్ని, జబ్బును విడదీయడానికి రెండు సులభమైన గుర్తులున్నాయి. ఎండకు రొప్పే కుక్క ఫ్యాన్ కిందికో, చల్లటి గచ్చు మీదికో చేరిన కొద్దిసేపటికి కుదుటపడుతుంది. కార్టిసాల్ ఎక్కువైన కుక్క తెల్లవారుజామున చల్లని వేళ కూడా రొప్పుతుంది. రెండోది మూత్రం. ఎండ దాహం ఉన్న కుక్క ఒంట్లో నీటిని కాపాడుకోవడానికి మూత్రాన్ని చిక్కబరుస్తుంది. దాని సాపేక్ష సాంద్రత 1.030 పైన ఉంటుంది. కుషింగ్ వ్యాధిలో మూత్రం నీళ్లలా ఉండి, సాంద్రత తరచు 1.020 కన్నా తక్కువ వస్తుంది. ఈ పరీక్షకు చిన్న రిఫ్రాక్టోమీటర్ చాలు. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లకు మించి, అంటే 25 కిలోల ల్యాబ్రడార్ రెండున్నర లీటర్లకు మించి తాగుతుంటే, కాలం ఏదైనా పరీక్ష చేయించాలి. కొలిచిన నీళ్లు పోసి, మర్నాడు మిగిలినవి కొలవడం ఇంట్లోనే చేయగల పని.

చర్మం విషయం ఇంకా చిక్కు. తేమకు ఈస్ట్, బాక్టీరియా ఇన్ఫెక్షన్లు, పిడుదులు, గజ్జి ఇక్కడి కుక్కలను ఏడాది పొడుగునా వేధిస్తాయి. దురద తగ్గడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్, మాత్రలు ఇస్తే రెండు మూడు రోజుల్లో గుణం కనబడుతుంది. దురద తిరిగి వస్తే మళ్లీ అదే ఇంజెక్షన్. నెలల తరబడి ఇలా సాగితే, ఏ కణితీ లేకుండానే కుక్కకు కుషింగ్ లక్షణాలన్నీ వస్తాయి. చెవిలో, కంట్లో వేసే స్టెరాయిడ్ చుక్కలు, పూసే మందులు కూడా చిన్న కుక్కల్లో ఇందుకు చాలు. ఈ మందుజనిత కుషింగ్‌లో రెండు అధివృక్క గ్రంథులూ కృశించి ఉంటాయి. కణితి ఉంటే ఒక గ్రంథి పెద్దదై, రెండోది మాత్రమే కృశిస్తుంది. ఇలాంటి కుక్కకు స్టెరాయిడ్లను ఒక్కసారిగా ఆపేయడం ప్రాణాపాయం, నెమ్మదిగా తగ్గించాలి. కాబట్టి ఏ పరీక్షకైనా ముందు గత ఆరు నెలల్లో కుక్కకు వేసిన ప్రతి ఇంజెక్షన్, మాత్ర, చుక్కల మందు పేరు వైద్యుడికి తెలియాలి. చీటీలు దాచుకోవడం యజమాని చేయగల అత్యంత విలువైన సాయం. పెద్ద వయసులో మొదటిసారి డెమోడెక్స్ గజ్జి వస్తే, వెనుక కుషింగ్ వ్యాధి ఉందేమో చూడాలి.

కడుపు ఉబ్బడానికీ ఇక్కడ వేరే కారణాలు చాలా ఉన్నాయి. పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీకియా, బెబీసియా జ్వరాల్లో ప్లీహం పెరుగుతుంది. కాలేయ వ్యాధిలో, గుండె జబ్బులో కడుపులో నీరు చేరుతుంది. మూత్రపిండాల వ్యాధి, మధుమేహం, ఆడకుక్కల్లో గర్భాశయంలో చీము పట్టడం దాహాన్ని పెంచుతాయి. తీవ్రమైన ఏ జబ్బయినా ఒత్తిడి వల్ల కార్టిసాల్‌ను పెంచి, హార్మోన్ పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. పిడుదు జ్వరం ఉన్న కుక్కకు ముందు ఆ జ్వరాన్ని నయం చేసి, తర్వాతే కుషింగ్ పరీక్షలకు వెళ్లాలి.

పరీక్షలు

సాధారణ రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా పెరిగి ఉండడం, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండడం అనుమానానికి తావిస్తాయి. కుక్కల్లో స్టెరాయిడ్ ప్రభావంతో పెరిగే ఒక ప్రత్యేక ఫాస్ఫటేజ్ రూపం ఉంది, మనుషుల్లో అది లేదు. కేవలం ఈ అంకె చూసి కాలేయ వ్యాధి అని మందులు మొదలుపెట్టడం తరచు జరిగే పొరపాటు.

మూత్రంలో కార్టిసాల్, క్రియాటినిన్ నిష్పత్తి ఇంట్లో పట్టిన ఉదయపు మూత్రంతో చేయవచ్చు. ఫలితం మామూలుగా వస్తే కుషింగ్ వ్యాధిని దాదాపుగా తోసిపుచ్చవచ్చు. ఎక్కువగా వస్తే మాత్రం దానితోనే నిర్ధారణ కాదు. నిర్ధారణకు ఎక్కువగా ఆధారపడేది తక్కువ మోతాదు డెక్సామెథసోన్ అణచివేత పరీక్ష. కిలోకు 0.01 మి.గ్రా. డెక్సామెథసోన్‌ను సిరలోకి ఎక్కించి, ముందు ఒకసారి, 4 గంటలకు, 8 గంటలకు రక్తం తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో కార్టిసాల్ పడిపోతుంది. వల్కల కణితి ఉన్న కుక్కలో పడిపోదు. ఏసీటీహెచ్ ఉద్దీపన పరీక్ష వల్కల కణితులను సుమారు 60 శాతం సందర్భాల్లోనే పట్టుకుంటుంది. కానీ మందుజనిత కుషింగ్‌ను తేల్చడానికి అదే సరైనది. ఏసీటీహెచ్ ఇచ్చినా కార్టిసాల్ పెరగకపోతే గ్రంథులు కృశించాయని అర్థం.

మూలం పీయూష గ్రంథిలోనా, అధివృక్క గ్రంథిలోనా అన్నది రక్తంలోని ఏసీటీహెచ్ స్థాయి చెబుతుంది. వల్కల కణితిలో అది అడుగంటుతుంది. ఈ హార్మోన్ గది వేడికి త్వరగా విచ్ఛిన్నమవుతుంది. రక్తం తీసిన వెంటనే చల్లబరిచి, ప్లాస్మాను వేరు చేసి, గడ్డకట్టించి పంపాలి. ఎండాకాలంలో మామూలు డబ్బాలో బస్సెక్కించిన నమూనాలో ఏసీటీహెచ్ తక్కువ వస్తే, అది కణితికి రుజువు కాదు, వేడికి విరిగిపోయిన నమూనాకు గుర్తు కావచ్చు.

ఫియోక్రోమోసైటోమాకు మూత్రంలోని నార్‌మెటానెఫ్రిన్, క్రియాటినిన్ నిష్పత్తి మంచి పరీక్ష. ఒత్తిడి ప్రభావం తగ్గడానికి మూత్రం ఇంటి దగ్గరే పట్టడం మేలు. రక్తపోటును వేర్వేరు రోజుల్లో, కుక్క కుదురుకున్నాక చాలాసార్లు కొలవాలి. పై రక్తపోటు 160 దాటితే పట్టించుకోవలసిందే, 180 దాటితే కన్ను, మూత్రపిండం, మెదడు దెబ్బతినే ముప్పు తీవ్రం.

కడుపు అల్ట్రాసౌండ్ స్కానింగ్ ఈ వ్యాధి నిర్ధారణకు కీలకం. చిన్న కుక్కల్లో గ్రంథి మందం సుమారు 6 మి.మీ. దాటితే, పెద్ద వాటిలో 7.5 మి.మీ. దాటితే పెరిగినట్టు లెక్క. ఒక గ్రంథి గుండ్రంగా ఉబ్బి, రెండోది సన్నగా ఉంటే కార్టిసాల్ కణితిగా అనుమానిస్తారు. రెండూ సమానంగా పెరిగి ఉంటే దృష్టి పీయూష గ్రంథి మీదికి మళ్లుతుంది. 2 సెం.మీ. దాటిన గడ్డ క్యాన్సర్ కావచ్చు, 4 సెం.మీ. దాటితే క్యాన్సర్ అవకాశమే చాలా ఎక్కువ. మహాసిరలోకి కణితి పాకిందో లేదో చూడడానికి, శస్త్రచికిత్స ఎలా చేయాలో నిర్ణయించడానికి సీటీ స్కాన్ మెరుగైనది. ఛాతీ ఎక్స్‌రే లేదా సీటీ ఊపిరితిత్తులకు క్యాన్సర్ పాకిందేమో చెబుతుంది. సూదితో కణాలు తీసి చూస్తే కణితి వల్కలానిదో దవ్వదో చాలావరకు తెలుస్తుంది. కానీ క్యాన్సర్ అవునో కాదో ఖాయంగా తెలియదు, ఫియోక్రోమోసైటోమాలో సూది గుచ్చితే రక్తపోటు హఠాత్తుగా ఎగబాకే ప్రమాదమూ ఉంది.

వైద్య విద్యాసంస్థలు

తెలుగు ప్రాంతాల్లో పశువైద్య కళాశాల విద్య హైదరాబాద్‌లో 1946లో, తిరుపతిలో 1955లో మొదలైంది. విజయవాడకు దగ్గర్లోని గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల 1998లో ఏర్పడింది. 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చాక ఆ కళాశాల దాని పరిధిలోకి చేరింది.  డెల్టాలో పశువైద్యం చిరకాలం గేదెలు, ఎద్దులు, కోళ్ల చుట్టూ తిరిగింది. పాడి, పంటల మీద బతికే ప్రాంతంలో అది సహజం. పెంపుడు కుక్కలకు హార్మోన్ పరీక్షలు, స్కానింగ్‌లు అడిగే అవసరం నగరాల్లో ఇళ్లలో పెరిగే కుక్కల వయసు పెరిగిన కొద్దీ వచ్చింది. ముసలి వయసు దాకా బతికిన కుక్కలోనే ఈ కణితి బయటపడుతుంది.

చికిత్స

శస్త్రచికిత్స. ఒక వైపు కణితి ఉండి, వేరే అవయవాలకు పాకకపోతే గ్రంథిని తీసేయడమే జబ్బును పూర్తిగా నయం చేసే మార్గం. కడుపు మధ్య కోతతో గానీ, పక్క కోతతో గానీ, చిన్న కణితులైతే లాపరోస్కోపీతో గానీ చేస్తారు. గతంలో ఈ ఆపరేషన్ సమయంలో, తర్వాతి రోజుల్లో చనిపోయే కుక్కల సంఖ్య చాలా ఎక్కువగా ఉండేది. అనుభవమున్న కేంద్రాల్లో ఇప్పుడు అది బాగా తగ్గింది. రక్తస్రావం, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు, క్లోమం వాపు, ఇన్ఫెక్షన్ ముఖ్యమైన ప్రమాదాలు. కార్టిసాల్ స్రవించే కణితిని తీసేముందు కొన్ని వారాలు ట్రైలోస్టేన్ ఇచ్చి కుక్కను కుదుటపరచడం చాలామంది వైద్యులు పాటించే పద్ధతి.

కణితి తీసిన రోజున రెండో గ్రంథి కృశించి ఉంటుంది. కుక్క ఒంట్లో కార్టిసాల్ దాదాపు ఉండదు. అందుకే శస్త్రచికిత్స జరుగుతుండగానే స్టెరాయిడ్ ఎక్కించడం మొదలుపెట్టి, తర్వాత మాత్రలతో కొనసాగించి, వారాలు, నెలల మీద తగ్గిస్తూ వస్తారు. సోడియం, పొటాషియం రోజూ చూసుకోవాలి. యజమాని మాత్ర మరిచిపోతే వాంతులు, నీరసం, కుప్పకూలడం సంభవిస్తాయి.

ఫియోక్రోమోసైటోమాకు శస్త్రచికిత్స వేరే సన్నాహం కోరుతుంది. కణితిని వైద్యుడు వేలితో తాకినప్పుడల్లా ఎడ్రినలిన్ రక్తంలోకి వచ్చి రక్తపోటు ఎగబాకుతుంది, గుండె లయ తప్పుతుంది. దాన్ని తట్టుకోవడానికి సుమారు రెండు వారాల ముందు నుంచి ఫినాక్సీబెంజమిన్ అనే ఆల్ఫా నిరోధకం ఇస్తారు. 2008లో ప్రచురితమైన 48 కుక్కల అధ్యయనంలో ఈ మందు ముందుగా వాడిన వాటిలో 13 శాతం చనిపోతే, వాడని వాటిలో 48 శాతం చనిపోయాయి. గుండె వేగం ఎక్కువైతే బీటా నిరోధకం చేర్చవచ్చు. కానీ ఆల్ఫా నిరోధకం ముందుగా పనిచేయడం మొదలైన తర్వాతే అది ఇవ్వాలి. వరస తప్పితే రక్తపోటు ఇంకా పెరుగుతుంది.

మందులు. శస్త్రచికిత్స కుదరని కార్టిసాల్ కణితులకు ట్రైలోస్టేన్ ఇస్తారు. తిండితో పాటు, తరచు రోజుకు రెండు పూటలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, లక్షణాలను, కార్టిసాల్‌ను చూస్తూ మారుస్తారు. ఇది హార్మోన్‌ను తగ్గిస్తుందే గానీ కణితిని కరిగించదు. మైటోటేన్ వల్కల కణాలనే నాశనం చేస్తుంది. కణితి ఉన్న కుక్కల్లో దాని మోతాదు ఎక్కువ కావాలి, దుష్ప్రభావాలూ ఎక్కువే. ఈ మందు తీసుకుంటున్న కుక్క తిండి మానేసినా, వాంతులు చేసుకున్నా మందు ఆపి వెంటనే వైద్యుణ్ణి కలవాలి. ఆల్డోస్టిరోన్ కణితిలో పొటాషియం, స్పైరనోలాక్టోన్, రక్తపోటుకు ఆమ్లోడిపిన్ ఇస్తారు. కొన్ని కేంద్రాల్లో గురిపెట్టిన రేడియేషన్ చికిత్సా చేస్తున్నారు.

అనుకోకుండా కనిపించిన చిన్న గడ్డ 2 సెం.మీ. లోపే ఉండి, ఏ హార్మోనూ స్రవించకపోతే తొందరపడి కోయనక్కర లేదు. రక్తపోటు, హార్మోన్ పరీక్షలు చేసి, ఒకటి నుంచి మూడు నెలల్లో మళ్లీ స్కానింగ్ తీసి, పెరుగుదలను బట్టి నిర్ణయించవచ్చు. ఈ ఓపిక వల్ల ఎన్నో ముసలి కుక్కలకు అక్కర్లేని ఆపరేషన్ తప్పుతుంది.

ఫలితాలు

ఎడినోమాను తీసేస్తే కుక్క సాధారణంగా పూర్తిగా కోలుకుంటుంది. కార్సినోమా, ఫియోక్రోమోసైటోమాల్లో కూడా శస్త్రచికిత్స తర్వాతి మొదటి నెల దాటిన కుక్కల్లో చాలా వాటికి ఏడాదికి పైగా, కొన్నిటికి రెండు మూడేళ్లు మంచి జీవితం దొరుకుతుంది. కణితి 5 సెం.మీ. దాటడం, వేరే అవయవాలకు పాకడం, మహాసిరలో గడ్డ ఉండడం ఫలితాన్ని దెబ్బతీస్తాయి. మందులతో మాత్రమే నెట్టుకొచ్చే వల్కల కణితుల్లో సాధారణంగా ఏడాది చుట్టూ ఆయుష్షు ఉంటుంది. ఆ ఏడాదిలో దాహం, రొప్పడం తగ్గి, కుక్క రాత్రిళ్లు నిద్రపోగలుగుతుంది. కణితి తీసిన కుక్కలో దాహం, ఆకలి మొదట తగ్గుతాయి. వెంట్రుకలు తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. దాహం మళ్లీ మొదలైతే కణితి తిరిగి వచ్చిందేమోనని వెంటనే స్కానింగ్ చేయించాలి.